రాసుకుపోయిన లెక్క వాడకు తిరిగి రావాలి

మొన్న ఎండాకాలంలో పాలమూరు వైపు ఒక వాడకు ఇద్దరు పిల్లలొచ్చారు. ఒక పిలగాడు, ఒక ఆడపిల్ల. చేతుల్లో ట్యాబులు, మెడల్లో యూనివర్సిటీ కార్డులు. రీసెర్చ్ అసిస్టెంట్లమని చెప్పుకున్నారు. వానలు తప్పుతున్నాయి, ఎండలు ముదురుతున్నాయి, మీరు ఎట్లా తట్టుకుంటున్నారో రాసుకుంటాం అన్నారు. యాపచెట్టు కింద కూచున్న అవ్వను మొదటి ప్రశ్న అడిగారు. "అమ్మా, మీకు భూమి ఎన్ని ఎకరాలు?" లేదు బిడ్డా అన్నది. "బోరు ఉందా?" లేదు. "పోయినేడు ఏం పంట పెట్టారు? విత్తనం ఏమైనా మార్చారా?" "కూలికి పోయినం బిడ్డా. వాళ్లేం పెడితే దాంట్ల కలుపు తీసినం." పిలగాడు నాలుగైదుసార్లు వేలితో నొక్కాడు. ఫారం అయిపోయింది. పావుగంట కూడా పట్టలేదు. అవ్వ మాత్రం లేవలేదు. "గంతేనా? ఎండల పడిపోయిన నా కొడుకు సంగతి అడగవా?" అన్నది.

ఆ ఫారంలో దానికి గడి లేదు.

అప్పుడు అక్కడే ఉన్న మా కార్యకర్త ఈ సంగతి వచ్చి చెప్పినప్పటినుంచి మాలో మాకు వాదన నడుస్తున్నది. ఇట్లాంటి వాళ్లను వాడలోకి రానియ్యొద్దని కొందరు. పాపం వాళ్లు చదువుకునే పిల్లలు, వాళ్లనేం అంటాం అని కొందరు. ఈ సంపాదకీయం ఆ వాదనలోంచి పుట్టిందే.

అసలు ఈ రీసెర్చ్ అసిస్టెంట్ అంటే ఎవరు? ఏం పని చేస్తాడు? ఎవరి డబ్బుతో చేస్తాడు? ఇది మనోళ్లకు తెలియాలి. ఇవాళ కాకపోతే రేపు మీ వాడకూ వస్తారు. ఎల్లుండి మీ బిడ్డే ఆ పనికి పోవచ్చు.

యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్ ఉంటాడు. ఢిల్లీలోని సైన్సు శాఖకో, వ్యవసాయ పరిశోధన మండలికో, బయటిదేశపు సంస్థకో దరఖాస్తు పెట్టి ప్రాజెక్టు తెచ్చుకుంటాడు. ప్రాజెక్టు ఆయన పేరు మీద ఉంటుంది. పని చేసేది ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చదివే పిల్లలు. యాభై ఏళ్ల వాన లెక్కలు తీసి వరసలో పెట్టేది వాళ్లే. రాబోయే కాలంలో ఎండ ఎంత పెరుగుతుందని ప్రపంచం మొత్తానికి వేసిన లెక్కను కంప్యూటర్లో కుదించి ఒక జిల్లా మీదికి, ఒక మండలం మీదికి దించేది వాళ్లే. ఊళ్లు తిరిగి ఫారాలు నింపేది, నింపినవాటిని శుభ్రం చేసేది, పరిశోధన పత్రానికి మొదటి చిత్తుప్రతి రాసేది కూడా చాలాసార్లు వాళ్లే. మారుతున్న వాతావరణానికి మనిషి, పంట, ఊరు ఎట్లా తట్టుకొని నిలబడాలో చెప్పే శాస్త్రం అంటున్నారే, అది ఈ పిల్లల రెక్కల మీదనే నడుస్తున్నది.

రెక్కలకు కూలి ఎంత? మన దేశంలో సర్కారు సైన్సు ప్రాజెక్టుల్లో నెట్ లాంటి పరీక్ష పాసై చేరిన జూనియర్ ఫెలోకు 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, సీనియర్‌కు 42 వేలు అని నిర్ణయించారు. అంతకు ముందు జూనియర్‌కు 31 వేలే. అది పరీక్ష పాసైనవాళ్ల సంగతి. ప్రాజెక్టు అసిస్టెంట్ అనే పేరుతో అంతకంటే తక్కువకు కుదిరేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లకింద ఇంకొకడున్నాడు. ఏ ఇల్లు ఎవరిదో చూపించి, ఇంగ్లీషు ప్రశ్నను మన మాటలోకి మార్చి, సొంత బండి మీద తిప్పే మన వాడ డిగ్రీ పిలగాడు. వాడికి ఫారానికింత అని ఇస్తారు. పత్రం అచ్చయ్యేనాటికి చాలాసార్లు వాడి పేరు చివరి పేజీ కృతజ్ఞతల్లో కూడా కనిపించదు. మోట తోలేవాడొకడు, మడి పారేది ఇంకొకడిది.

అమెరికాలో కూడా ఇదే పని, పద్ధతి వేరు. అక్కడ ఆర్.ఏ. దొరికితే ఫీజు మాఫీ అయి నెలకింత చేతికొస్తుంది. అందుకే అక్కడికి పోయిన తెలుగు పిల్లల ఇళ్లల్లో తల్లిదండ్రులు ఫోన్లో మొదట అడిగే మాట "ఆర్.ఏ. వచ్చిందా?" అనే. కాగితం మీద వారానికి ఇరవై గంటల పని. కాగితం అవతల ఎంతో ఆ పిల్లలకే తెలుసు. 2022 నవంబరులో కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఇట్లాంటి పరిశోధక విద్యార్థులు, పాఠాలు చెప్పే విద్యార్థులు, ఇతర పరిశోధకులు కలిసి 48 వేలమంది సమ్మె చేశారు. విద్యార్థుల సమ్మె డిసెంబరు 23 దాకా సాగి, జీతాలు పెంచుతామన్న ఒప్పందంతో ముగిసింది. చదువుకునేవాడు కూలోడు ఎట్లా అవుతాడు అని వాదించిన యాజమాన్యాలకు అది జవాబు. కనుక మా మొదటి మాట ఇది. ట్యాబు పట్టుకొచ్చిన పిల్ల మన శత్రువు కాదు. ఆమె కూడా రెక్కలమ్ముకునే మనిషే.

అయితే ఆమె పట్టుకొచ్చిన ప్రశ్న ఎవరిది?

దీనికి మన దగ్గరే ఒక పెద్ద ఉదాహరణ ఉన్నది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లి అని ఒక ఊరు. పటాన్‌చెరు దగ్గర ఉన్న ఇక్రిశాట్ 1975లో ఆ ఊరిని, అదే జిల్లాలో దోకూరును, మహారాష్ట్రలో మరికొన్ని ఊళ్లను ఎంచుకొని లెక్కలు రాయడం మొదలుపెట్టింది. పరిశోధకులు ఊళ్లోనే మకాం పెట్టారు. ఊరికి 40 ఇళ్లు. వాటిలో 10 భూమిలేని కూలీల ఇళ్లు, మిగిలినవి చిన్న, మధ్య, పెద్ద రైతులవి. మూడు నాలుగు వారాలకొకసారి ఇంటికి పోయి ఏం తిన్నారు, ఎంత అప్పు తెచ్చారు, ఎన్ని రోజులు కూలి దొరికింది అని అడిగి రాశారు. పదేళ్లు వదలకుండా రాశారు. ఒక మాట ఒప్పుకోవాలి. ఇది గొప్ప పని. భూమిలేనోళ్లను వదలలేదు. ఇవాళ ఫారాలు పట్టుకొచ్చే చాలామందికంటే ఆ రోజుల్లోనే నయం. ఆ లెక్కల మీద ప్రపంచంలో ఎక్కడెక్కడి యూనివర్సిటీల్లోనో పరిశోధనలు జరిగాయి, పత్రాలు అచ్చయ్యాయి. మన ఊరి జొన్న రొట్టె, మన ఊరి వడ్డీ అంతా అందులో ఉంది.

ఆ పత్రాల్లో పేరుమోసింది 1994లో ఎకనామెట్రికా అనే పత్రికలో రాబర్ట్ టౌన్సెండ్ రాసింది. ఔరేపల్లి, మహారాష్ట్రలోని రెండు ఊళ్ల లెక్కలు తీసుకొని ఆయన వేసిన ప్రశ్న ఇది: ఒక ఇంట్లో జబ్బు చేసినా, పని పోయినా, ఊళ్లో ఒకరికొకరి సాయంతో ఆ ఇంటి తిండి తగ్గకుండా గట్టెక్కుతుందా? జవాబు, పూర్తిగా కాదుగాని చాలావరకు గట్టెక్కుతున్నది అని. దాని వెంబడే ఒక చిన్న వాక్యం. మూడు ఊళ్లలో ఒక ఊళ్లో మాత్రం భూమిలేనోళ్లకు ఆ రక్షణ మిగతావాళ్లకంటే తక్కువగా కనబడుతున్నదట.

తరవాత 2012లో మజోకో, సైనీ అనే ఇద్దరు అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో ఇంకో పత్రం అచ్చేశారు. ఇవే ఊళ్లు, ఇవే లెక్కలు. ఈసారి కులం గడి కూడా చూశారు. ఊరు మొత్తం ఒకటై కష్టం పంచుకుంటుంది అన్న మాట నిలవలేదు. కులం లోపల పంచుకుంటారు అన్న మాట నిలిచింది.

1975 నుంచి 2012. ముప్పై ఏడేళ్లు! కరువొస్తే ఊరి దొర మనకు పెడతాడా, మన వాడలో పక్కింటి అక్క గిన్నెడు గటక పంపుతుందా అన్న ప్రశ్నకు జవాబు రావడానికి ముప్పై ఏడేళ్లు, రెండు పెద్ద పత్రికలు కావలసి వచ్చింది. ఔరేపల్లిలో ఏ మాదిగ తల్లిని అడిగినా మొదటి రోజే చెప్పేది. శాస్త్రాన్ని వెక్కిరించడానికి మేం ఈ మాట అనడం లేదు. శాస్త్రానికి రుజువు కావాలి, రుజువుకు ఓపిక కావాలి, అది మాకు తెలుసు. కానీ ఏ ప్రశ్న ముందు అడగాలి, ఏది ముప్పై ఏళ్లు ఆగొచ్చు అని నిర్ణయించేవాడు వాడ మొహం చూసినవాడై ఉంటే ఇంత ఆలస్యమయ్యేదా? ఇదీ మా ప్రశ్న.

ఆలస్యమైతే ఏం పోయింది అంటారా? చాలా పోయింది. సర్కారు పథకాలన్నీ ఈ లెక్కల మీదనే లేస్తాయి. 2011లో వ్యవసాయ పరిశోధన మండలి వాతావరణ మార్పును తట్టుకునే సేద్యం అని దేశమంతటా ఒక పెద్ద కార్యక్రమం పెట్టింది. దాన్ని నడిపించేది హైదరాబాదు సంతోష్‌నగర్‌లో ఉన్న మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రిడా. కరువుకు ఆగే విత్తనం, పొలంలో నీటి కుంట, డ్రిప్పు, పంట బీమా, వాన కబురు. మంచివే. ఒక్కటైనా భూమి లేకుండా తీసుకోగలిగేది ఉందా? కుంట తవ్వేది మనం, నీళ్లు ఆగేది పట్టాదారు పొలంలో. పంట పోతే రైతుకు బీమా, కౌలుదారుకు కాగితం లేదంటారు, పంట పోయినందుకు కలుపు పని పోగొట్టుకున్న కూలి తల్లికి ఏ బీమా? ఫారంలో ఎకరాల గడిలో సున్నా పడగానే ఇట్లా అవుతుంది. ఎకరాకు ఎంత పండింది అని తీయాలంటే ముందు ఎకరం ఉండాలి కదా. సున్నాతో భాగించడం కంప్యూటర్‌కు రాదు. అందుకని "లెక్కలు శుభ్రం" చేసేటప్పుడు ఆ వరసను తీసి పక్కన పడేస్తారు. ఏ దురుద్దేశం అక్కర్లేదు, ఎవడూ కులం పేరుతో తిట్టక్కర్లేదు. రాత్రి పన్నెండింటికి నిద్రమత్తులో ఒక పిలగాడు ఒక మీట నొక్కితే చాలు, వాడ వాడంతా శాస్త్రంలోంచి వెళ్లిపోతుంది.

ఎండ సంగతి చూడండి. 2003 ఎండాకాలంలో ఉమ్మడి రాష్ట్రంలో మూడు వేల మందికి పైగా వడదెబ్బకు పోయారు. 2015లో రెండు రాష్ట్రాల్లో కలిపి పదిహేను వందల మందికి పైగా పోయారు. ఇవి సర్కారు ఒప్పుకున్న లెక్కలు. పోయినవాళ్లు ఎవరు? ఏసీ గదుల్లో ఉన్నవాళ్లా? మిట్టమధ్యాహ్నం రోడ్డు పనిలో, ఇటుక బట్టీలో, మిరప తోటలో, ఉపాధి పనిలో ఉన్నవాళ్లు. ఇటీవల బెంగళూరు ఐఐఎం పరిశోధకులు మరికొందరితో కలిసి, దేశంలో ఎవరు ఎన్ని గంటలు బయట ఎండలో పని చేస్తున్నారో కులంవారీగా లెక్క తీశారు. దళితులు, ఆదివాసులు ఎక్కువ ఎండలో పని చేస్తున్నారని తేలింది. మనకు కొత్త సంగతి కాదు గాని లెక్కగా అచ్చవడం కొత్త. ఎవరో ఒకరు కులం గడి పెట్టి అడిగారు కాబట్టి తేలింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ సర్కారు వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి ఇంటికి 4 లక్షలు అన్నది. మంచిదే. కానీ అది వడదెబ్బ చావు అని రాసేదెవరు? పొలంలో పడిపోయిన మనిషికి గుండెపోటు అని రాస్తే అయిపోయె. అవ్వ కొడుక్కు రెండేళ్ల కింద అట్లానే రాశారు.

అడిగే ప్రశ్న మారితే దొరికేది మారుతుందనడానికి ఇంకో సంగతి. గుజరాత్‌లో పుట్టిన సేవా అనే ఆడకూలీల సంఘం, పంటకు కాక మనిషికి ఎండ బీమా పెట్టించింది. ఎండ ఫలానా డిగ్రీ దాటితే చాలు, ఏ సర్టిఫికెట్టూ లేకుండా ఆ తల్లుల ఖాతాలో డబ్బు పడాలి. 2024లో వేలమందికి పడింది కూడా. మొత్తం కలిపితే చిన్న మొత్తాలే. కానీ పోయిన కూలి రోజును నష్టంగా లెక్కగట్టాలన్న ఆలోచన కూలీల సంఘంలోంచి వచ్చింది, పట్టాదారు ఫారంలోంచి రాలేదు.

మన జహీరాబాదు వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఉన్న దళిత తల్లుల సంగతి ఎవరికి తెలియదు? జొన్న, సజ్జ, కొర్ర, కంది కలిపి వేసి, విత్తనం ఇంట్లో దాచుకొని, వాన తప్పినా ఏదో ఒకటి చేతికొచ్చేట్టు సేద్యం చేశారు. సొంతంగా కెమెరా పట్టి సినిమాలు తీశారు. 2008లో రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్లు ఈక్వేటర్ ప్రైజు ఇచ్చారు. ఇవాళ యూనివర్సిటీలు "వాతావరణాన్ని తట్టుకునే పంటలు" అంటున్నది ఈ తల్లులు అంతకు ఎన్నో ఏళ్ల ముందు మొదలుపెట్టిన పనినే. అక్కడికి పరిశోధక విద్యార్థులు పోయి నేర్చుకుంటున్నారు. మంచిది. ఆ తల్లుల మనవరాళ్లు పరిశోధక విద్యార్థులై ఎప్పుడు వస్తారు?

వచ్చే దారిలో ముళ్లున్నాయి. బాబాసాహెబ్ 1913లో కొలంబియాకు పోయింది బరోడా సంస్థానం ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్ మీద. 1917లో ఆ గడువు అయిపోతే లండన్‌లో చదువు సగంలో ఆపుకొని రావలసి వచ్చింది. తిరిగొచ్చి 1918లో మన దేశంలో చిన్న కమతాల సమస్య మీద పరిశోధన వ్యాసం అచ్చేశాడు. దళితుడు ఇంగ్లీషు చదువు చదివి పొలం సంగతే రాశాడు, అదీ అందరూ చెప్పేది కాక వేరేది రాశాడు. నూరేళ్ల తరవాత 2022లో ఢిల్లీ సర్కారు దళిత విద్యార్థులకిచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్‌లో ఏం నిబంధన పెట్టింది? భారత సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధన చేస్తామంటే డబ్బివ్వం అన్నది. అంటే వాడలో ఎండ ఎవరిని చంపుతున్నది అని అడగాలనుకున్న దళిత పిల్ల ఈ డబ్బుతో బయటికి పోయి ఆ ప్రశ్న అడగడానికి లేదు. ఆ ప్రశ్న అడిగే హక్కు డబ్బున్నోళ్లకు మాత్రం ఉన్నది. 2025 జులైలో అదే స్కాలర్‌షిప్‌కు ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే కాగితాలిచ్చి, మిగతా 66 మందికి నిధులుంటే చూస్తామన్నారు.

హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సైన్సుకూ సమాజానికీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేస్తున్న రోహిత్ వేములను మేం మరవలేదు. నెలల తరబడి ఫెలోషిప్ అందక, హాస్టల్లోంచి వెలివేయబడి 2016 జనవరి 17న వెళ్లిపోయాడు. పరిశోధక విద్యార్థికి నెల డబ్బు ఆగడం అంటే ఏమిటో ఆ పేరు తలుచుకున్న ప్రతిసారీ మన పిల్లలకు గుర్తొస్తుంది. అది జేబు ఖర్చు కాదు. చాలామంది మన పిల్లలు అందులోంచే ఇంటికి పంపుతారు.

ఇప్పుడు మొదటి వాదనకు వద్దాం. వాడలోకి రానియ్యాలా, వద్దా? రానియ్యాలనే మా మాట. తలుపేస్తే సున్నా కాదు, మన వరసే ఉండదు. కానీ ఊరికే రానియ్యొద్దు. ఎవరు పంపారు, డబ్బెవరిది, ఈ లెక్క ఎక్కడ దాస్తారు అని ముందు అడగండి. ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పకపోయే హక్కు మీకుంది. సమ్మతి కాగితం మీద వేలిముద్ర పెట్టేముందు దాన్ని చదివి వినిపించమనండి. ఆధార్ నంబరు, బ్యాంకు పుస్తకం అడిగితే ఇవ్వొద్దు, ఎండ లెక్కకు అవి అక్కర్లేదు. కూలి మానుకొని కూచుంటే ఆ పూట కూలి అడగండి. డబ్బిస్తే జవాబులు చెడిపోతాయి అంటారు. ప్రొఫెసరుకు జీతమిస్తే చెడని శాస్త్రం అవ్వకు పూట కూలి ఇస్తే ఎట్లా చెడుతుందో వాళ్లనే చెప్పమనండి. అన్నిటికంటే ముఖ్యం, తేలిన సంగతి తెలుగులో రెండు పేజీలు రాసుకొచ్చి ఇదే యాపచెట్టు కింద చదవాలి. తప్పుంటే మనం దిద్దాలి. ఇది ఒప్పుకుంటేనే రెండోసారి వాడలో కాలు పెట్టాలి.

ఈ పనుల్లో ఉన్న మన పిల్లలకు కూడా ఒక మాట. ఫారాలు నింపడంతో ఆగిపోవద్దు. నియామక కాగితం, నెలకు ఎంత, ఎన్ని నెలలు అన్నది రాతలో తీసుకోండి. పత్రంలో ఎవరి పేరు ఏ వరసలో ఉంటుందో పని మొదలయ్యే రోజే అడగండి, అచ్చయ్యాక అడిగితే లాభం లేదు. కంప్యూటర్లో లెక్క తీసే విద్య పట్టుబట్టి నేర్చుకోండి. మీట నొక్కే వేలు మనదైతే ఏ వరస తీసేస్తున్నామో మనకు తెలుస్తుంది. ఫారం తయారయ్యే గదిలో కూచోవడానికి పెనుగులాడండి. అక్కడ ఒక గడి కలిపితే వెయ్యి ఇళ్లకు కలిపినట్టు. ప్రొఫెసర్లకు కోపమొస్తుందని మాకు తెలుసు. సిఫారసు ఉత్తరం ఆయన చేతిలోనే ఉంటుందనీ తెలుసు. అందుకే ఒక్కొక్కరు కాక ఇద్దరు ముగ్గురు కలిసి అడగండి.

ఆ వాడలో తరవాత జరిగింది కూడా చెప్పాలి. ఆ పిల్ల మర్నాడు ఒక్కతే వచ్చింది, ట్యాబు లేకుండా. మామూలు నోటుబుక్కు తెచ్చుకుంది. అవ్వ దగ్గర రెండు గంటలు కూచుంది. కొడుకు ఎన్ని గంటలకు పనికి దిగాడు, నీళ్ల బిందె ఎంత దూరంలో ఉంది, మేస్త్రీ ఎన్నింటిదాకా ఆపలేదు, పడిపోయాక ఎంతసేపటికి బండి దొరికింది, ఆసుపత్రిలో ఏమని రాశారు అన్నీ రాసింది. ఇది మా ప్రాజెక్టులోకి పోదు, కానీ ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అని మా కార్యకర్తతో అన్నదట. పోయేముందు ఆ పేజీలు అవ్వకు చదివి వినిపించింది. అవ్వ రెండుచోట్ల దిద్దింది. నకలు ఒకటి అవ్వ పెట్టెలో ఉంది, ఒకటి మా ఆఫీసులో ఉంది.

మీ వాడకు ఇట్లా సర్వేకు వచ్చి ఉంటే ఎప్పుడొచ్చారు, ఏమేం అడిగారు, ఏది అడగలేదు, మళ్లీ వచ్చి చెప్పారా లేదా అన్నది పోస్టుకార్డు మీదనైనా రాసి పంపండి. రాయరానివాళ్లు మీ ఊరి సంఘం పిల్లలతో రాయించండి. ఎండలో పోయినవాళ్ల వివరాలుంటే వయసు, చేస్తున్న పని, పడిపోయిన సమయం, ఆసుపత్రి కాగితంలో ఏం రాశారన్నది తప్పకుండా రాయండి. వచ్చే సంచికనుంచి అచ్చేస్తాం.